పండుగ తెలియని చిక్కుడు

పందిరి మీది నుంచి పడి మా అమ్మ భుజం విరగ్గొట్టుకున్నప్పటి నుంచి నాకు కంటినిండా నిద్ర లేదు. చిక్కుడు పందిరంటే నాలుగు గుంజలే కదా అంటారు చూడనివాళ్లు. మా ఊరి తీగ ఒకచోట ఆగే రకం కాదు. ఇంటి కప్పెక్కుతుంది, పక్కనున్న చెట్టెక్కుతుంది, దాని వెనకే మా అమ్మ ఎక్కుతుంది.

నేను పనిచేసేది అశ్వారావుపేట దగ్గర, కొత్త విత్తనాల మీద పరిశోధన జరిగే చోట. అక్కడ పొట్టి చిక్కుడు ఉంది. తీగ జాతిలో కొసను పెరుగుతూనే ఉండమనే జన్యువు ఈ రకంలో కాస్త మారింది. మోకాలెత్తు రాగానే కొస పూలగుత్తిగా మారి ఆగిపోతుంది, పక్కల నుంచి కొమ్మలు వేస్తుంది, కొమ్మకొమ్మకూ కాయే. పందిరితో పనిలేదు. వానాకాలం మొదట్లో ఆ విత్తనాలు తెచ్చి పెరట్లో ఇవే వెయ్యాలని పట్టుబట్టాను. అమ్మ సరేనంది గానీ పాత గుంజలు మాత్రం గోడకు ఆనించి దాచుకుంది.

వానలు తగ్గకముందే కాయ విరగకాసింది. గంప పట్టుకుని వెళ్తే అమ్మ దడి దగ్గర అడ్డంగా కూర్చుంది. పండుగ కాకుండా ఎట్లా కోస్తావని అడిగింది. మా కోయ ఊళ్లలో చలికాలం చిక్కుడు పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. పాత తీగ పగలు కురచయితేగానీ పూయదు కాబట్టి కాయా పండుగా కలిసే వచ్చేవి. ఈ రకం పొద్దును పట్టించుకోదు.

ఇక నాకు కుదురు లేదు. రోజూ పెరట్లోకి పోవడం, ఊరికే తిరిగిరావడం. లేత కాయలు కోస్తూ ఉంటేనే మొక్క మళ్లీ పూస్తుంది. వదిలేస్తే గింజ ముదిరి, తన పని అయిపోయిందనుకుంటుంది. ఆ ముదురు కాయలు చూస్తే ఒళ్లు మండేది. దిగుబడి పోతుందని కాదు. ఈ మొక్క అమ్మకు నచ్చకపోతే మళ్లీ గుంజలు పాతుతుంది, మళ్లీ ఎక్కుతుంది. నా భయమంతా అదే. పండుగ ముందుకు జరపమని ఊరి పెద్దను కూడా బతిమాలాను. ఆయన కుదరదన్నాడు. అమ్మ నవ్వింది.

పండుగనాడు పక్కింటి తీగ కాయలే దేవత ముందు పెట్టాం. సాయంత్రం అమ్మ ఎండిన పొట్టి కాయలు చాటలో పోసుకుని ఒలుస్తూ కూర్చుంది. దెబ్బతిన్న చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. గింజలు పారబోస్తుందేమోనని పక్కనే నిలబడ్డాను.

"గిది మంచిదే బిడ్డా. పండుగ ఎప్పుడో దీనికి తెల్వది, గంతే. వచ్చే ఏడు వానలు వెనకబట్టినంక వేస్త, పండుగకు అందుతది" అంది.

పందిరి మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. అమ్మే గోడవైపు చూసింది.

"చలిగ ఉంది. గా గుంజలు కొట్టి పొయ్యిల పెట్టు."

గొడ్డలి ఎక్కడుందో వెంటనే గుర్తురాలేదు. ఇల్లంతా వెతికాను.