అడ్డంగా వేసిన మండ

మా అన్న నోటికి ఏనాడూ తాళం పడలేదు. ఇంటి గేటుకు మాత్రం వేశాడు.

కడపలో అన్న దగ్గరే మా మేనత్త ఉంటుంది. డెబ్బై దాటాయి. ఒకరోజు కూరగాయలకని పోయి దారి తప్పింది. రెండు గంటల తర్వాత ఎవరో పుణ్యాత్ముడు ఆటో ఎక్కించి పంపితే ఇల్లు చేరింది. ఆ మర్నాటి నుంచి అన్న షాపుకు పోతూ గేటుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని పోవడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం ప్రొద్దుటూరు నుంచి నేను పోయేసరికి అత్త గేటు కడ్డీలు పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆమెకు మతి సరిగ్గా లేదు మ్మే. యాడికన్నా పోతే ఎవురు ఎతికేది?" అన్నాడు అన్న.

"నా మతికేమి? ఈ కాలనీలో అన్ని సందులూ ఒకే మాదిరి ఉండాయి. గుర్తు పెట్టుకునేదానికి ఒక బండ లేదు, ఒక చెట్టు లేదు. అదే లంకమలలో ఇడ్సిపెట్టు, కండ్లు మూసుకుని కనుమ దాటి మన ఊరికి పోతా," అంది అత్త.

మా సొంతూరు లంకమల కొండలకు ఆ పక్కన, పెన్న వైపు ఉంది. అత్త మెట్టినూరు ఈ పక్కన. రోడ్డు పడక ముందు పుట్టింటికి పోవాలంటే ఆమెకు కనుమదారే గతి. చంకలో బిడ్డ, నెత్తిన సీతాఫలాల గంపతో ఆ కొండ దాటిన కథ మా చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నామో. అన్న మాత్రం నవ్వాడు. "ఆ దారి ఇంకా యాడుండాదత్తా? అడివి మింగేసింటాది."

"నేను దాటితే?"

"దాటితే తాళంచెవి నీ చేతికే ఇస్తా. దాటలేకపోతే ఇంకెప్పుడూ గేటు మాట ఎత్తగూడదు."

మాట నోట్లోంచి వచ్చాక అన్న కొంచెం బెదిరాడని ముఖం చూస్తే తెలిసింది. వెనక్కి తీసుకునే అవకాశం ఇవ్వకుండా "నేనూ తోడు పోతా" అన్నాను. మా ఇంట్లో మొండితనం ఆడవాళ్ళకే ఎక్కువ వచ్చింది.

ఎర్రచందనం దొంగల వల్ల ఆ అడవిలోకి ఊరికే పోనివ్వరు. ఫారెస్టు వాళ్ళ దగ్గర కాగితం రాయించుకున్నాం. గార్డు మా ఇద్దరినీ కిందికీ పైకీ చూసి, "మీరేం దుంగలు మోస్తారులేమ్మా" అని నవ్వి పంపించాడు. కొండ కింది ఊళ్ళో టీ తాగాం. మేకలోళ్ళు పొద్దున్నే కనుమెక్కి పోయినారని కొట్టాయన చెప్పాడు. అత్త సంబరంగా నా వైపు చూసింది. మేకలు పోతుంటే దారి బతికే ఉందని అర్థం.

అన్న బండి మీద రోడ్డు చుట్టి మా ఊరికి పోయి ఎదురుచూడాలని ఒప్పందం.

వానలు తగ్గుముఖం పట్టిన కాలం. అడవి పచ్చగా ఉంది. చండ్ర ముళ్ళు చీరలకు పట్టుకుంటున్నాయి. అత్త కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అన్న పాత కాన్వాసు బూట్లు వేసుకుని, జొన్నరొట్టెల మూట భుజాన తగిలించుకుని నడిచింది. ముందు వచ్చేవి ముందుగానే చెప్పేది. "ఈడ పడుకున్న ఎనుము మాదిరి ఒక బండ ఉంటాది సూడు." ఉంది. "దాని పక్కన వాన పడినాక ఊట ఊరతాది." ఊరుతోంది. నేను దోసిలితో ఆ నీళ్ళు తాగి, అన్న ఇక్కడుంటే బాగుండేది అనుకున్నాను. నా కళ్ళ ముందే అత్త గెలుస్తోంది.

తర్వాత దారి రెండుగా చీలింది. అత్త వెనక కూర్చుని బూటులోంచి రాయి తీసుకుంటోంది. నేను ముందు పోయాను. ఎడమ దారికి అడ్డంగా ఆకులతో సహా విరిచిన కొమ్మ ఒకటి పడి ఉంది. అత్త కాళ్ళకు తగులుకుంటుందని దాన్ని ఎత్తి పొదల్లోకి విసిరేశాను. బళ్ళో లెక్కలు చెప్పే దాన్ని, వరండాలో ఒక సుద్దముక్క పడి ఉన్నా తీసేదాకా నాకు తోచదు.

అత్త వచ్చి చాలాసేపు నిలబడింది. ఎడమ దారి మొదట్లో నేలంతా వెతికింది. కుడి వైపు చూసింది. మళ్ళీ నేల చూసింది.

"ఏం చూస్తాండావత్తా?"

"ఏం లేదు. నాకు కుడికే అని గుర్తు. కానీ..." అంది. ఆ "కానీ" దగ్గర ఆమె గొంతు సన్నబడింది. "ఎడమకే పోదాం పా."

గంటసేపు నడిచాం. దారి సన్నబడింది, మేక పెంటిక కూడా కనబడలేదు. చివరికి ఒక లోయ అంచున, తెల్లటి రాళ్ళ మీద, దారి లేకుండా పోయింది. కింద ఈతచెట్ల తలలు, ఎదురుగా నిట్టనిలువు కొండ. ముందుకు పోవడానికి కాలు మోపే చోటు లేదు.

అత్త రాయి మీద కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుంది. "మీ అన్న చెప్పిందే నిజమేమో మ్మే. నా తలకాయ చెడిపోయిండాది. పద, వెనక్కి పోదాం. ఇంట్లో పడుండేదే మేలు."

ఆ నిమిషంలో నేనూ నమ్మాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇంటికి పోయి గేటు గురించి అన్నతో మెత్తగా ఎలా మాట్లాడాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాను కూడా.

"కుడికే అని నాకు తెలుసు," అత్త తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "అయినా మండ లేకపాయె. మేకలోళ్ళు కుడికి పోయింటే ఎడమకు మండ ఏసి పోతారు కదా."

"మండ ఏందత్తా?"

"చీలిక కాడ పోగూడని దారికి అడ్డంగా పచ్చికొమ్మ ఇరిసి ఏస్తారు. ఎనకొచ్చేటోళ్ళు తప్పకుండా. మా కాలం నుంచీ అంతే. అది లేకపోతే, కుడి అనుకునింది నా బ్రమ అనుకుంటి."

నా చెవులు వేడెక్కాయి.

"అత్తా, కొమ్మ ఉన్నింది. నీ కాళ్ళకు తగుల్తాదని నేనే తీసి పారేసినా."

అత్త నా ముఖంలోకి చూసింది. చూసి చూసి, తిట్టడం మొదలుపెట్టింది. నా చదువునూ, నా ఉద్యోగాన్నీ, నన్ను కన్నవాళ్ళనీ, అంటే తన తమ్ముణ్ణి కూడా కలిపి తిట్టింది. "లెక్కల టీచరమ్మా! నువ్వు బోర్డు మీద రాసింది పిల్లోళ్ళు తుడిసేస్తే ఊరుకుంటావా?" అని అడిగింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తిడుతూ తిడుతూనే లేచి నిలబడింది. పోయిన మనిషి తిరిగొచ్చింది.

చీలిక దగ్గరికి వచ్చాక పొదల్లో వెతికి ఆ కొమ్మ నా చేతనే తెప్పించింది. ఎడమ దారికి అడ్డంగా ఎలా వేయాలో, మొదలు ఎటు ఉండాలో చూపించి వేయించింది. వెనక ఎవరైనా మేకలోళ్ళకు సంగటి క్యారియరు తీసుకుని వస్తే వాళ్ళు కూడా లోయలోకి పోయేవాళ్ళని ఇంకో నాలుగు తిట్లు తగిలించింది.

ఆ తర్వాత కుడి దారిలో ఆమెను అందుకోవడం నా వల్ల కాలేదు. ఎక్కుడు నిటారుగా ఉంది. నేను అడుగడుక్కీ ఆయాసపడుతుంటే ఆమె పైనుంచి "రా రా, ఈడ మెట్లు కొట్టింటారు" అని కేక వేసింది. రాతిలో నిజంగానే కాళ్ళు పట్టేంత గాట్లు కొట్టి ఉన్నాయి. కనుమ పైకి చేరేసరికి గాలి మొహాన కొట్టింది. కింద పెన్న ఇసుక, ఇసుక నడుమ నీళ్ళు, గట్టు మీద మా ఊరు. అత్త బూట్లు విప్పి, అరచేతులు నోటికి చుట్టి ఊరి వైపు "కూ..." అని ఒక కూత పెట్టింది. ఎదుటి కొండ తిరిగి పలికింది. నేనూ పెట్టాను. నలభై ఎనిమిదేళ్ళకు నోరారా అరవడం అదే మొదటిసారి. సంతోషంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఊరి మొదట్లో అన్న బండి పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. చొక్కా చెమటకు అంటుకుపోయి ఉంది. మమ్మల్ని చూడగానే గట్టిగా ఊపిరి వదిలాడు. అయినా పాత బుద్ధి పోనిచ్చుకోలేదు.

"ఇంతసేపా? దారి తప్పినారా?"

అత్త నా వైపు చూసింది. అన్నలాంటి వాడి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు కొండెక్కడం కంటే కష్టం.

"తప్పింది నేను. అత్త కాదు. అత్త ఎక్కడా తప్పలేదు," అని మండ సంగతి మొత్తం చెప్పాను.

అత్త చెయ్యి చాపింది. "ఇట్లా ఇయ్యి." అన్న జేబులోంచి చెవి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుని, "రొట్టెలు మిగిలినాయి, తింటావా?" అని అడిగింది. తిన్నాడు.

ఇప్పుడు అత్త ఒక్కతే బజారుకు పోతుంది. గేటు పక్కన వేపచెట్టు నుంచి రెండు మూడు మండలు విరుచుకుని, మలుపు మలుపులో తాను పోని సందుకు అడ్డంగా ఒకటి వేసుకుంటూ పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు అవే ఆమె గుర్తులు. మొన్న అన్న నన్ను బస్టాండు నుంచి బండి మీద తీసుకొస్తూ మలుపులో ఆగాడు. నేల మీద వేపమండ ఉంది. తీసే అలవాటు చావక నేను దిగబోయాను.

"తీయొద్దు మ్మే," అన్నాడు అన్న. బండిని రెండో సందులోకి తిప్పాడు. అక్కడ అత్త కొత్తిమీర కట్టకు బేరమాడుతోంది.