అడ్రసుతో సహా చదివిన పేర్లు

తొలకరి చినుకులు ఎండకు కాగిన రేకుల మీద పడగానే, వేడి ఇనుము తడిసిన వాసన ఒకటి లేస్తుంది. తాల్‌బగీచా పేటలో మా వంటింటి వెనక పక్కింటివాళ్ల సైకిల్ షెడ్డు ఉంది. ఈ ఏడు దాని మీద మొదటి వాన పడినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. ఆవాలు మాడిపోయేదాకా అలాగే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు రైలు పట్టాల పక్కన ఉండే రేకుల ఇళ్లు గుర్తొస్తాయి, ఆ ఇళ్ల వెనకే సత్యానందం అయ్యగారు గుర్తొస్తారు. ఆయన ఖరగ్‌పూర్‌లో మా తెలుగు చర్చి పాస్టరు. కోస్తా నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ మా కుటుంబాలకు చాలా ఏళ్లు ఆయనే కాపరి. విజయనగరం వైపు మనిషి, పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. నేను సంఘ కార్యదర్శిని. బెంగాలీ చదవడం, రాయడం వచ్చు కాబట్టి ఆ పని నా నెత్తిన పెట్టారు.

మా చర్చిలో ప్రసంగం అయ్యాక మనవులు చదవడం ఆనవాయితీ. ఎవరికి ఏ అవసరం ఉన్నా చీటీ రాసి గుమ్మం దగ్గరి డబ్బాలో వేస్తారు. జ్వరాలు, పరీక్షలు, బదిలీలు, పెళ్లి సంబంధాలు, అన్నీ అందులోకే వస్తాయి. వాటిని వరుసగా పెట్టి అయ్యగారికి అందించడం నా పని. కొత్తలో, టైము కలిసొస్తుందని పేర్లు మాత్రమే రాసి ఇచ్చాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, అడ్రసులేవని అడిగారు. దేవుడికి అడ్రసులెందుకండీ అని నేను నవ్వాను. "దేవుడికి అక్కర్లేదమ్మా, మనకి కావాల. సోమవారం నాడు ఎవరింటి తలుపు కొట్టాలో తెలవాల గదా," అన్నారు. ఒకసారి వర్క్‌షాపులో పనిచేసే ఇద్దరు ఒకే పోస్టుకు ప్రమోషన్ రావాలని, ఒకరికి తెలియకుండా ఒకరు చీటీలు వేశారు. ఆయన రెండూ క్వార్టర్ నంబర్లతో సహా చదివి, ఇద్దరూ ఈ వారం ఒకరింటికి ఒకరు వెళ్లి ప్రార్థన చేసుకోండని చెప్పి కళ్లు మూసుకున్నారు. చర్చి అంతా కొంగులూ రుమాళ్లూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు నిజంగానే వెళ్లారు. ప్రమోషన్ మూడోవాడికెవరికో వచ్చింది.

ఆ రేకుల ఇళ్లను ఖాళీ చేయమని సర్కారు హుకుం వచ్చిన ఏడాది సంగతి ఇది. అక్కడ మా సంఘం వాళ్లవి రెండు ఇళ్లే. మిగిలినవాళ్లు బెంగాలీలు, ఒడియావాళ్లు, ముస్లింలు, శ్రీకాకుళం నుంచి వచ్చిన హిందువులు. వేరే చోటు చూపిస్తామన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. అదే వారం చర్చికీ సర్కారు ఉత్తరం ఒకటి వచ్చింది. చర్చి, దాని పక్క ఖాళీ జాగా ఉన్నది ప్రభుత్వ స్థలంలో, లీజు పొడిగించే ఫైలు ఇంకా కదలలేదు. ఆ సంగతి గుర్తు చేస్తూ, ఆరాధనల్లో ఈ ఇళ్ల ప్రస్తావన రాకుంటే మంచిదని ఎంతో మర్యాదగా రాశారు. కమిటీ పెద్దలు హడలిపోయారు. లీజు చేతికొచ్చేదాకా నోరు కట్టుకుని ఉందామన్నారు. అయ్యగారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ శనివారం సాయంత్రం, ఆ రేకుల ఇళ్లలో ఉండే పైడమ్మ వచ్చింది. సుభాష్‌పల్లిలో నాలుగిళ్లలో పని చేసుకునే మనిషి, పైడితల్లికి మొక్కుకునే మనిషి. చర్చి గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. మీ అయ్యగారు పేరు చదివితే నలుగురూ ఇంటికొచ్చి చూస్తారట గదా అంటూ, కొంగులో మూటగట్టి తెచ్చిన చీటీలు నా చేతిలో పోసింది. ముప్పై రెండు ఇళ్లవి. అన్నీ ఆమె కూతురు బెంగాలీలో రాసినవే.

నేను వాటిని డబ్బాలో వెయ్యలేదు. పాటల పుస్తకాల బీరువాలో అడుగున పెట్టి తాళం వేశాను. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను. మా ఆయన పోయాక ఆ ఉద్యోగమే నాకూ మా అత్తగారికీ ఆధారం. చర్చిని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నేను కాపాడుకున్నది నా కుర్చీని.

మర్నాడు పైడమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో వచ్చి, గుమ్మం పక్కన చాప మీద తల నిండా కొంగు కప్పుకుని కూర్చుంది. అయ్యగారు మనవులు చదివారు, ప్రార్థన చేశారు, దీవెన ఇచ్చారు. జనం బయటికి వస్తుంటే ఆమె సూటిగా ఆయన దగ్గరికే వెళ్లింది. "మేం మీ మతంలో లేమని మా పేర్లు సదవలేదేటి అయ్యగారూ?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. ఆయనకు ఏమీ తెలియదు. నా వైపు చూశారు. నా మొహం చూస్తే అర్థమై ఉంటుంది.

అందరూ వెళ్లాక చీటీలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన బెంగాలీ గడగడా మాట్లాడేవారు గానీ చదవడం రాదు. నన్నే చదివి వినిపించమన్నారు. ముప్పై రెండూ, పంపు పక్కన, సిగ్నలు వెనక, అడ్రసులతో సహా చదివించుకున్నారు. ఆ తర్వాత అన్నారు: "భయపడ్డం తప్పు కాదమ్మా, నాకూ ఉన్నాది. గానీ ఆవిడ అడిగినదానికి నీ కాడ జవాబున్నాదా?" చీటీలు మళ్లీ నా చేతికిచ్చారు. వచ్చే ఆదివారం ఇవి మైకులో చదవగలవా, లేకపోతే ఇంకెవరినైనా పిలుస్తాను, బలవంతం లేదని చెప్పారు.

ఆదివారం వెనక బెంచీలో ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. పాటకు లేవడంలోనూ కూర్చోవడంలోనూ అందరికంటే వెనకబడుతున్నాడు గనుక, ఏ పని మీద వచ్చాడో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. అయ్యగారు వేదిక ఎక్కి, "పోయిన వారం మనం కొన్ని పేర్లు దాసినాం. అడిగి తెలుసుకోవలసినవాణ్ని నేను, అడగలేదు. తప్పు నాది," అని నన్ను పిలిచారు. ముప్పై రెండు పేర్లూ అడ్రసులతో సహా మైకులో చదివాను. ప్రార్థన ముగిసి, ఆమెన్ అన్నాక ఆయన కూర్చోలేదు. వేరే చోటు చూపించకుండా ఇళ్లు పడగొట్టడం అన్యాయమని, ఇది ప్రార్థన కాదు, సంఘ కాపరిగా తన మాట అని బెంగాలీలో చెప్పారు. వెనక బెంచీ మనిషికి రాసుకోవడానికి వీలుగా కాస్త నిదానంగానే చెప్పారు.

బుధవారం ఆ ఉత్తరం రాసిన ఆఫీసు నుంచి కబురొచ్చింది. అయ్యగారు, ఇద్దరు పెద్దలు, నేను వెళ్లాం. అధికారి మంచిగానే మాట్లాడాడు, టీ తెప్పించాడు. జరిగింది మతపరమైన ప్రార్థన మాత్రమే, ప్రభుత్వం మీద వ్యాఖ్య కాదు అని ఒక్క ముక్క రాసిస్తే చాలు, లీజు ఫైలు తనే కదిలిస్తానన్నాడు. పెద్దలకు ప్రాణం లేచొచ్చింది. నాకూ అంతే, అబద్ధమాడను. అయ్యగారు టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టారు. ప్రార్థన దేవుడికే బాబూ, గట్టిగా చదివింది మాత్రం మీకు వినబడాలనే, అలాగని రాయమంటే ఇప్పుడే రాసిస్తానన్నారు. అధికారి మొహం మారింది. మైకులో పేర్లు చదివింది ఎవరని అడిగాడు. సంఘంలో ఏం జరిగినా జవాబుదారీ తనదే, తన పేరే రాసుకోమన్నారు ఆయన. నన్ను తప్పించడానికేనని నాకు అర్థమైంది. ఆ మాటతో నేను ఇంటికి వెళ్లిపోవచ్చు.

"చదివింది నేను," అన్నాను.

అయ్యగారు నా వైపు తిరగలేదు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం, "మీ అత్తగారికి నువ్వే సెప్పు తల్లీ, నాకు ఆవిడంటే భయం," అన్నారు.

లీజు ఆగిపోయింది. చర్చి నిలిచింది గానీ పక్క ఖాళీ జాగా చేజారింది, పెద్దలు కొన్నాళ్లు ఆయనతో ముభావంగా ఉన్నారు. ఇళ్లు మాత్రం ఆ వానాకాలం పడగొట్టలేదు. మా సంఘం వాళ్లు చీటీల ప్రకారం ఇంటింటికీ వెళ్లారు, ఇతర చర్చిల పాస్టర్లు కూడా నోరు విప్పారు. చివరికి చాలామందికి ఊరి చివర చోటు చూపించాకే ఖాళీ చేయించారు. అందరికీ దొరకలేదు. ఆ దొరకనివాళ్ల పేర్లు అయ్యగారు రిటైరై విజయనగరం వెళ్లేదాకా ప్రతి ఆదివారం చదువుతూనే ఉన్నారు. ఆయన అక్కడే పోయారు.

ఆఫీసులో నాకు మెమో వచ్చింది. నేనిచ్చిన వివరణ తృప్తికరంగా లేదని, ఒక హెచ్చరిక కాగితం నా సర్వీసు బుక్కులో చేర్చారు. నిరుడు నేను రిటైరైనప్పుడు, పెన్షన్ కాగితాలు చూస్తున్న బెంగాలీ కుర్రాడు ఆ పేజీ దగ్గర ఆగాడు. దీదీ, ఇది ఇప్పుడెవరికి కావాలి, తీసేద్దామా అని జాలిగా అడిగాడు. అందులో ఏముందో పైకి చదవమన్నాను. పేర్లు తానే చదివినట్లు ఆమె ఒప్పుకున్నది, అని చదివాడు. అంత లావు పుస్తకంలో మిగతావన్నీ నా సెలవులు, నా బదిలీలు, నా గురించి వేరేవాళ్లు రాసుకున్నవి. నేను నోరు తెరిచి అన్న మాట ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. దాన్ని అక్కడే ఉంచమని చెప్పి, మిగిలిన చోట్ల సంతకాలు పెట్టి ఇంటికొచ్చాను.