ఇస్త్రీ పెట్టె ఆగిన చోట

ఆ వీధిలో ఆమెను అందరూ ఇస్త్రీ పిన్ని అనేవారు. ఐదంతస్తుల భవనం మెట్ల కింద, ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకున్న సందును చెక్కలతో మూస్తే వచ్చిన గది ఆమె దుకాణం. ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, నీళ్లు చిలకరించే సీసా, కరెంటు ఇస్త్రీ పెట్టె, మేకులకు వేలాడే చొక్కాలు. పై అరలో ఓ స్టీరియో. అది మాత్రం ఆమెది కాదు, మూడో అంతస్తు పత్రికాయనది.

పత్రికాయన పని కొత్త ఆల్బమ్‌లకు మార్కులు వేయడం. రాక్, పాప్, ఈ రెంటిలోనూ ఇమడనని మొరాయించే ఆల్టర్నేటివ్. ప్రతి శుక్రవారం వారపత్రికలో ఆయన పేజీ వస్తుంది, ఐదు నక్షత్రాలకు ఇన్ని అని. ఆ నక్షత్రాలను బట్టి కుర్రకారు ఆల్బమ్ కొంటుంది, హాళ్లవాళ్లు గాయకులను పిలుస్తారు. ఆ నక్షత్రాలు ఎక్కడ పొడుస్తాయో మాత్రం ఎవరికీ తెలియదు. మెట్ల కింద పొడిచేవి.

పదకొండేళ్ల కిందట చొక్కాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఓ చిన్న ప్లేయర్ మోగుతోంది. ఆ ఆల్బమ్ అప్పటికే నాలుగుసార్లు విన్నాడట, బాగుందో లేదో తేల్చుకోలేక తల పట్టుకున్నాడు. ఆరో పాట దగ్గర పిన్ని చెయ్యి ఆగింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు తమ్ముడూ. ఈ పిల్ల ఇందాకటిదాకా పాడింది. ఇప్పుడు చెబుతోంది."

ఆ శుక్రవారం ఆయన పేజీలో అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం ఉంది. ఊరంతా మెచ్చుకుంది. పిన్ని కూడా మురిసిపోయింది. తన మాట అచ్చులో చూసుకుంటే ఎవరికి సంతోషం కాదు? కింద ఎవరి పేరుందో చూడాలని అప్పుడు తోచలేదు.

ఆమె చెవులకు ఆ పదును ఊరికే రాలేదు. అంతకుముందు ఇరవై ఏళ్లు ఓ పెద్ద హోటల్ నేలమాళిగలో దుప్పట్లు ఉతికింది. నలభై మంది ఆడవాళ్లు, పన్నెండు యంత్రాలు, ఎదుటి మనిషి మొహం కనిపించనంత ఆవిరి. స్తంభానికి ఓ రేడియో కట్టి ఉండేది. ఆ హోరులో పాటలన్నీ కొట్టుకుపోయేవి. ఎప్పుడో ఒక్కటి, లోపల సత్తా ఉన్నది, హోరును చీల్చుకుని వచ్చి చెవిని పట్టుకునేది. గాలి ఆడేందుకు కిటికీ పెట్టించమని అడిగినందుకు పదకొండు మందిని ఒకే రోజు బయటికి పంపారు. పిన్ని ముందు వరసలో నిలబడ్డ మనిషి. కిటికీ రాలేదు, ఉద్యోగం పోయింది, చెవులు మిగిలాయి.

ఆ చెవులనే పత్రికాయన పదకొండేళ్లు వాడుకున్నాడు. స్టీరియో తెచ్చి అరలో పెట్టింది అందుకే. ఆల్బమ్ పెట్టి, మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఆమె చేతినే చూసేవాడు. చెయ్యి ఆగకుండా సాగితే రెండు నక్షత్రాలు. కాలరు దగ్గర నెమ్మదిస్తే మూడు. పూర్తిగా ఆగితే నాలుగు.

"మరి ఐదెప్పుడు తమ్ముడూ?"

"చొక్కా కాలితే అక్కా!" అని నవ్వేవాడు. పదకొండేళ్లలో ఒక్క చొక్కా కాలలేదు.

పిన్ని చెల్లెలి కూతురు పగలు అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. సాయంత్రాలు ఇద్దరు కార్ఖానా స్నేహితురాళ్లతో కలిసి, మూతపడ్డ ఓ మెకానిక్ షెడ్డులో గిటార్, డ్రమ్స్ మోగిస్తుంది. ముగ్గురూ రెండేళ్లు తంటాలుపడి ఓ ఆల్బమ్ చేశారు. ఊళ్లో పెద్ద హాలువాళ్లు ఏటా నాలుగు రోజులు కచేరీలు పెట్టి, ఒకరోజు కొత్తవాళ్లకిస్తారు. పత్రికాయన పేజీలో మూడు నక్షత్రాలు వచ్చినవాళ్లకే ఆ రోజు.

"పెద్దమ్మా, మాకు నాలుగొద్దు. మూడు చాలు" అంది పిల్ల.

"ఆయన మనవాడే. అబద్ధం రాయడు. నువ్వు బాగా చేసుంటే వస్తాయి, లేకుంటే రావు."

"నువ్వు మాట సాయం చెయ్యవా?"

"చెయ్యను. అక్కర్లేదు కూడా."

అంత నమ్మకం ఆమెకు, పిల్ల మీదా, ఆయన మీదా.

ఆల్బమ్ వినే రోజున పిన్ని ముందే చెప్పేసింది. "ఇది మా చెల్లెలి కూతురిది తమ్ముడూ. ఆ సంగతి నువ్వు మర్చిపో, నేనూ మర్చిపోతాను." నిజంగానే చేతిని బిగబట్టుకుంది. మొదటి పాటకు ఆపలేదు. రెండో పాటలో పిల్ల గొంతు కాస్త బెదిరిందని మనసులోనే విసుక్కుంది కూడా. మూడోది పరవాలేదు. నాలుగో పాటలో ముందు డ్రమ్స్ ఒక్కటే మొదలైంది. మూడు దెబ్బలు, కాస్త కుంటు, మళ్లీ మూడు దెబ్బలు. నేలమాళిగలో ఏడో నంబరు యంత్రం అలాగే కుంటేది. పిల్ల చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ బల్ల మీద వేళ్లతో వాయించి వినిపించిన దెబ్బ. దాని మీద పిల్ల గొంతు లేచింది. కిటికీ అడిగిన పదకొండు మందినీ, వాళ్ల పేర్లతో కాదు, వాళ్లు నిలబడ్డ యంత్రాల నంబర్లతో ఒక్కొక్కరినే పిలిచింది.

కాలిన వాసన వచ్చేదాకా పిన్నికి తెలియలేదు.

పత్రికాయన స్టూలు మీంచి లేచాడు. బల్ల మీద ఆయనదే లేతనీలం చొక్కా, వీపు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. "ఐదక్కా! ఐదు!" అని కేకపెట్టాడు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆమె తన కళ్లతో చూసింది. "ఈ చొక్కా నువ్వే ఉంచుకో. పతకం అనుకో."

శుక్రవారం పొద్దున్నే ముగ్గురమ్మాయిలూ పత్రిక కొనుక్కుని దుకాణానికి వచ్చారు. డ్రమ్స్ పిల్ల కార్ఖానాకు సెలవు పెట్టి మరీ వచ్చింది. పేజీ తిప్పారు. ఒకటిన్నర నక్షత్రాలు.

చెల్లెలి కూతురు పైకి చదివింది. "ఇస్త్రీ చేసుకునేవాళ్లకు మంచి కాలక్షేపం. బట్టల మూటల మధ్య మోగడానికి తప్ప ఈ పాటలకు ఈ ఊళ్లో మరో చోటు లేదు." మళ్లీ చదివింది. పత్రిక మడిచింది.

"పెద్దమ్మా, ఇక్కడే విన్నాడన్నావు కదా?"

"ఇక్కడే."

"ఇస్త్రీ అన్న మాట ఆయనకెలా వచ్చింది? ఇలాగని నువ్వేమన్నా అన్నావా? సరదాకైనా?"

పత్రికలో రాత పిన్ని గుండెకు తగిలింది సరే, ఈ ప్రశ్న అంతకన్నా లోతుకు దిగింది. నేను అనలేదే అని ఆమె అనేలోపు పిల్లలు వీధి మలుపు తిరిగారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దలు ఊరికే అనలేదు.

మంగళవారం పత్రికాయన నాలుగు చొక్కాలూ, ఓ కొత్త ఆల్బమూ పట్టుకుని దిగాడు, ఏమీ జరగనట్టు.

"అక్కా, ఇవి రేపటికల్లా కావాలి. పెద్ద పత్రికకు మారుతున్నా."

"చొక్కా కాలింది కదా తమ్ముడూ" అంది పిన్ని.

ఆయన స్టూలు కోసం వెతుకుతున్నట్టు కిందికి చూశాడు. "అక్కా, నీ దగ్గర దాచడమెందుకు. కొత్తచోట నన్ను తీసుకోవాలంటే కలం కాస్త కరుకుగా ఉండాలన్నారు. ఎవర్నో ఒకర్ని ఉతకాలి. పెద్దవాళ్లను ఉతికితే ఫోన్లొస్తాయి. చిన్నవాళ్లనైతే అడిగేవాడుండడు. పిల్లలే కదా, ఇంకోటి చేసుకుంటారు."

"ఇస్త్రీ అని ఎందుకు రాశావు?"

"అది... వాక్యం బాగా కుదిరింది."

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను పిన్ని చూసింది. దాటుతూ దాటుతూనే తెప్పకు నిప్పుపెట్టి, ఆ వెలుగులో తన మొహం చూసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. అడిగేవాడు లేనివాళ్లను కొట్టి ధైర్యవంతుడని పేరు తెచ్చుకోవడం హోటల్ మేనేజర్‌కూ తెలుసు. ఆ మేనేజర్ మాత్రం ఆమెను ఏనాడూ అక్కా అనలేదు.

పత్రికాయన ఆల్బమ్ పెట్టి కూర్చున్నాడు. పిన్ని పెట్టె చేతిలోకి తీసుకుంది. ఈసారి ఏం మోగినా ఆపకూడదనుకుంది. రెండు నక్షత్రాలే రాసుకోనీ, కొత్తచోట పరువు పోనీ. మొదటి పాటకు ఆపలేదు. రెండో దానికీ ఆపలేదు. మూడో పాటలో ఎవడో ముక్కూ మొహం తెలియని కుర్రాడు, మధ్యలో వాయిద్యాలన్నీ ఆపేసి, ఊపిరి అందక, అందకుండానే పాడాడు.

చెయ్యి ఆగింది. ఆమె ఆపలేదు, అదే ఆగింది. తన చెయ్యి కూడా తన మాట వినలేదు.

మూలనుంచి కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

పిన్ని పెట్టెను నిలబెట్టి ప్లగ్గు పీకేసింది. స్టీరియో ఆపి, వైరు చుట్టి, రెండు చేతులా ఎత్తి ఆయన ఒళ్లో పెట్టింది. ఇస్త్రీ కాని చొక్కాలు దాని మీద పెట్టింది.

"అదేంటక్కా? పాట బాగుంది కదా, పూర్తిగా విననీ."

"బాగుంది. ఆ కుర్రాడికి నాలుగివ్వండి. వాడి పొట్ట కొట్టకండి. ఇకమీదట వినడానికి మీ చెవులు మీరే తెచ్చుకోండి, సార్."

పదకొండేళ్లలో ఆమె నోట సార్ రావడం అదే మొదలు. ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. "అక్కా, నన్ను సార్ అంటావా?"

"అక్కా అనకండి. ఇస్త్రీ ఆవిడ అనండి. రాశారుగా."

ఆయన స్టీరియో మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కడం మెట్ల కింద అడుగడుగూ వినిపించింది.

మర్నాడు దుకాణం ముందు మేకుకు లేతనీలం చొక్కా వేలాడింది, వీపు వీధివైపుకు తిప్పి. ఎవరైనా "ఏంటి పిన్నీ, కాల్చింది చాలక ఊరందరికీ చూపిస్తున్నావా?" అంటే, "అది నా సమీక్ష" అనేది. కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఏ పాటకో అడిగారు.

పన్నెండో రోజున చెల్లెలి కూతురు వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"ఏ పాటకు?"

"నాలుగోది."

"ఎక్కడ?"

"ఏడో నంబరును పిలిచావే, అక్కడ. అది నా యంత్రం."

పిల్ల మచ్చ మీంచి వేలు తీసింది. "హాలువాళ్ల జాబితా అయిపోయింది పెద్దమ్మా. దీన్ని చూసి ఎవరూ పిలవరు."

"తెలుసు" అంది పిన్ని.

పిల్ల లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.