ఆదివారం లైను

ఆదివారం తిరగని ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లను కూడా తిరుగుతున్నట్టే చూపించే యాప్ ఒకటి ఉండేది. దాన్ని నమ్మి సికింద్రాబాద్ స్టేషన్‌లో గంటన్నర పడిగాపులు పడ్డాను. కొందరు ఉచితంగా రాసి, ఎవరైనా సరిచేయవచ్చని బయటపెట్టిన ప్రోగ్రాం అది. తిట్టుకుంటూనే ఆ బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి తప్పు పట్టుకున్నాను. ఒక్క లైను మారిస్తే చాలు.

మార్చినదాన్ని వాళ్లకు ఎలా పంపాలో అప్పటికి నాకు తెలియదు. సోమవారం బేగంపేట ఆఫీసులో మా సీనియర్‌ని అడిగాను. "నాకు పంపు, చూస్త" అన్నాడు. చూశాడు, తన పేరుతో వాళ్లకు పంపేశాడు. మీటింగులో మేనేజర్ చప్పట్లు కొట్టిస్తే సిగ్గుపడుతున్నట్టు తల కూడా వంచుకున్నాడు.

క్యాంటీన్‌లో నిలదీశాను.

"అరె, ఒక్క లైనే కద! గింత దానికి ఎందుకు పరేషాన్ అయితున్నవ్?" అంటూ నా ప్లేట్లోంచే మిర్చిబజ్జీ తీసుకున్నాడు.

ఆ బజ్జీ అతనికి అరిగిందేమో, నాకు మాత్రం ఇప్పటికీ అరగలేదు.

కసితో, అలా మార్పులు పంపే గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఫైల్లో ఏ లైనును చివరిసారి ఎవరు మార్చారో పక్కనే పేరు చూపిస్తుందది. చప్పట్ల రుచి మరిగి అతను ఆ యాప్ ఫైల్లోనే మరో నలభై లైన్లు రాసి ఉన్నాడు. అన్నీ అతుకుల బొంతలే. ఆ ఫైల్లో అతని పేరు ఒక్కచోట కూడా మిగలకూడదనుకున్నాను. మెట్టుగూడలో మా ఇంట్లో పొద్దున్నే కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా ఒక్కో లైను తిరగరాసి, ఎందుకు మార్చానో వివరంగా రాసి పంపేదాన్ని. యాప్ వాళ్లు అన్నీ ఒప్పుకున్నారు. పేరు తగ్గుతూ వచ్చిన కొద్దీ నాకు ఆకలి పెరిగింది.

అతను కనిపెట్టాడు. "నా మీద పగబట్టినవా ఏంది?"

"లేదన్నా, ఒక్కొక్క లైనే కద."

చివరికి ఒకే ఒక్క చోట అతని పేరు మిగిలింది. అది ఆదివారం లైను. నేను రాసిన లైను. మార్చడానికి అందులో తప్పేమీ లేదు. అయినా ఆగలేక, మాటలు అటూ ఇటూ చేసి పంపాను. యాప్ బాగోగులు చూసుకునే ఆవిడ వెనక్కి పంపింది: "ఇది బాగుంది. రాసినవాళ్లకు పని తెలుసు. దయచేసి ముట్టుకోకండి."

పోయిన ఆదివారం స్టేషన్‌కు బయల్దేరబోతూ యాప్ చూశాను. రైలు లేదంది. సరిగ్గానే చెప్పింది. బస్సెక్కి, దిగేదాకా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.