మగరాయుడు పట్టిన క్యాచ్

మా చిన్నప్పుడు... వసారాలో ఈతచాప మీద, పట్టుపావడా కట్టుకుని, నోటినిండా చిమ్మిలితో కూర్చుని ఉన్నాను నేను. పెద్దమనిషినయ్యానని మూల కూర్చోబెట్టారు. చాప దిగకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. ఎదురుగా వీధిలో మాత్రం కర్రాబిళ్ళ జోరుగా సాగుతోంది... అదీ నా కర్రతో!

చింతకొమ్మ చెక్కి ఆ కర్ర నేనే చేసుకున్నాను. నరసరావుపేటలో మా వీధి మొత్తానికి నా అంత దూరం బిళ్ళ కొట్టేవాళ్ళు లేరు. గొప్పలు కాదు, కావాలంటే మా బావని అడగండి. బావ అంటే మా మేనత్త కొడుకు, పక్కిల్లే వాళ్ళది.

ఆ పూట కొడుతున్నది బావే. వాడు కొట్టిన బిళ్ళ గాల్లోకి లేచి సూటిగా మా వసారాలోకి దూసుకొచ్చింది. ఎడంచేత్తో పట్టేశాను... చాప దిగకుండానే! "ఔట్" అని నేను అరిచిన అరుపుకి నోట్లో చిమ్మిలంతా చాప మీద రాలింది.

బావ ఒప్పుకోలేదు. మూల కూర్చున్నవాళ్ళు ఆటలో లేనట్టే, క్యాచ్ చెల్లదన్నాడు. లోపల్నుంచి అత్త వచ్చి కొడుకు వైపే తీర్పు చెప్పింది.

"ఏందే, మగరాయుడిలా ఆ అరుపులు? ఇంక నీకు ఆటలూ గీటలూ లేవు."

ఆ సాయంత్రం అత్త చేతుల మీదుగా నా కర్ర నీళ్ళకాగు కింద పొయ్యిలోకి పోయింది. ఆ నీళ్ళతోనే నాకు స్నానం చేయించారు... ఒంటి మీద వేడినీళ్ళు పడుతుంటే ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

అప్పట్నుంచి 'మగరాయుడు' నా ఇంటిపేరైపోయింది. సైకిల్ తొక్కితే మగరాయుడు, మెట్లు దూకితే మగరాయుడు. గట్టిగా నవ్వితే, నవ్వు నాలుగు విధాల చేటని ఒక సామెత అదనం. ఆ నాలుగూ ఏంటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు!

ముప్పై దాటాక ఉద్యోగం మానేసి కెనడాకి స్టూడెంట్‌గా వచ్చాను. అప్పుడు విమానాల నిండా స్టూడెంట్సే... నా పక్కసీటు పిల్లాడు నన్ను ఎవరినో దింపడానికి వెళ్తున్న ఆంటీ అనుకున్నాడు. రెజైనాలో నా చదువు కంప్యూటర్లే గానీ, ఒక ఇంగ్లీష్ క్లాసు తప్పనిసరి. ఒక పాతమాట తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు క్లాసులో చెప్పాలన్నారు మేడమ్. నేను 'హాయ్‌డెన్' తీసుకున్నాను. అల్లరిగా, గోలగా ఉండే ఆడపిల్లని ఇంగ్లీషులో ఒకప్పుడు అలా అనేవారు. అచ్చం మన మగరాయుడే అనుకున్నాను.

తీరా తవ్వితే... మొదట్లో ఆ మాట ఆడపిల్లలది కానే కాదు! కొన్ని వందల ఏళ్ళ కిందట మొరటు మగాణ్ణి, మర్యాద తెలియని బైతుని తిట్టడానికి వాడేవారట. డచ్చి వాళ్ళ దగ్గర్నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. పోను పోను మగవాళ్ళ మీద నుంచి జారి, గెంతే ఆడపిల్లల మీద పడింది... అక్కడే ఉండిపోయింది. మనకి తెలిసిన 'టామ్‌బాయ్' కూడా అంతే, ముందు అల్లరి మగపిల్లల పేరు.

అంటే వాళ్ళు విడిచిన చొక్కా తెచ్చి మనకి తొడిగారన్నమాట. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. మన మాట మాత్రం తక్కువ తిందా? అరుపూ గంతూ మగవాళ్ళ సొత్తయినట్టు, నేను అరువు తెచ్చుకుని వాడుకుంటున్నట్టు! అరిచింది నా గొంతండీ. దూకింది నా కాళ్ళు. క్లాసులో కూడా అదే చెప్పాను, కాస్త గట్టిగానే.

చదువయ్యాక ఉద్యోగం బ్రాంప్టన్‌లో దొరికింది. బావ అక్కడే సెటిలయ్యాడు, వాళ్ళ బేస్‌మెంట్‌లోనే దిగాను. బావ కూతురు తన్వి రోజూ ఇంటిముందు రోడ్డు మీద హాకీ ఆడేది. బండి వచ్చినప్పుడల్లా అందరినీ పక్కకి తప్పుకోమని "కార్" అంటూ అది పెట్టే కేక వీధి చివరిదాకా వినపడేది. ఆ ఎండాకాలం దానికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. అందుకని అత్త ఇండియా నుంచి వచ్చింది.

ఒక ఆదివారం అందరం టీ తాగుతున్నాం. బయట తన్వి కేకలు. అత్త గ్లాసు కింద పెట్టి, ఫంక్షన్ అయ్యాక ఆ హాకీ మాన్పించమని బావకి చెప్పింది. పిల్ల మగరాయుడిలా తయారవుతోందట. బావ తల వంచుకుని ఊ అన్నాడు.

ఆ 'ఊ' విన్నాక నేను ఆగలేకపోయాను. ఉంటున్నది వాళ్ళింట్లోనే, పొమ్మంటే పోవాల్సిందే... పోతే పోయింది!

"అత్తా, నా కర్ర పొయ్యిలో పెట్టావు. దీని కర్ర జోలికి మాత్రం నేను రానివ్వను."

అత్త ఏదో అనబోయింది. తనకి అంత పాత సంగతి గుర్తుందో లేదో నాకు తెలియదు. బావకి మాత్రం గుర్తుంది. కాసేపు కిటికీలోంచి కూతుర్నే చూశాడు.

"అమ్మా, ఆ రోజు నేను ఔటే. అది క్యాచ్ పట్టింది," అన్నాడు. "తన్వి ఆడుద్ది. ఆ మాట ఇంక ఈ ఇంట్లో వద్దు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి... ఒక్క క్యాచ్ కోసం ఇన్నేళ్ళు పట్టింది మరి!

ఫంక్షన్ ఘనంగా జరిగింది. ఇంటికి రాగానే తన్వి ఓణీ నడుముకి బిగించి దోపి, స్టిక్ పట్టుకుని, "పిన్నీ, కమ్ ఆన్, యు ఆర్ ఇన్ గోల్" అంది. నేనూ చీరకుచ్చిళ్ళు ఎగదోపాను. అత్త గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

కర్రాబిళ్ళ ఆడే వీధులు ఇప్పుడు మా ఊళ్ళోనూ లేవు. ఆ పిలుపులు మాత్రం చాలా ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. మీ ఆట ఏ మాటతో ఆపేశారో కింద రాయండి... మూల కూర్చోబెట్టినా సరే, మీరు పట్టిన క్యాచ్ చెల్లుతుంది.