జయరావు మాస్టారి శనివారాలు

జయరావు మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎదుటి మనిషి వారం రోజుల్లో ఎంత ముందుకు సాగాడో తెలియకపోతే ఆయనకు అన్నం అరగదు. గుంటూరులో వృక్షశాస్త్రం చెప్పే ఈ మహానుభావుడు క్షవరానికి కూర్చున్నా, "ఏం ప్రభూ, ఈ వారం ప్రోగ్రెస్ ఏంటి?" అంటారు. కత్తిరించిందంతా నెల తిరక్కుండా మళ్ళీ పెరిగే వృత్తిలో ప్రోగ్రెస్ ఏమిటో తోచక మంగలి ప్రభు తల గోక్కుంటాడు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రెబెకాకు మాత్రం ఇది వారం వారం జరిగే శిరశ్ఛేదం. ప్రత్తిపాడులో చెంచురామయ్య అనే రైతు చేలో ఆమె మిర్చికి పట్టే తామర పురుగును పరిశీలిస్తోంది. కొన్ని సాళ్ళకు మందు కొట్టాలి, కొన్నిటిని పురుగుకే వదిలెయ్యాలి, తేడా చూడాలి. పురుగు వారానికో కొత్త విద్య ప్రదర్శించదు. మాస్టారికి మాత్రం వారానికో కొత్త కబురు కావాలి.

"ఈ వారం ఏం జరగలేదండి."

"ఏం జరగని వారం ఉండదమ్మా. వెతుకు."

"వాన పడిందండి."

"అది మబ్బు ప్రోగ్రెస్. నీది చెప్పు."

జ్వరంతో మంచాన పడ్డ వారం కూడా వదల్లేదు. ఫోనులోనే విచారణ జరిపి, మూలుగుతూ ఒక వ్యాసం చదివిందని రాబట్టాకే పథ్యం తినడానికి అనుమతించారు.

ఆ శనివారం పొద్దున చేలోకి వెళ్ళిన రెబెకా గట్టు మీద కూలబడింది. పురుగుకు వదిలిన సాళ్ళు కూడా నిగనిగలాడుతున్నాయి.

"చూడలేకపోయానమ్మా," అన్నాడు చెంచురామయ్య, ఘనకార్యం చేసిన ముఖంతో. "ఆడపిల్ల నమ్ముకున్న సాళ్ళు పురుగు తినేస్తంటే చూస్తా కూర్చుంటే ఊళ్ళో నాకేం మర్యాద? వాటిక్కూడా మందు కొట్టేశా."

ఒక పంటకాలం కష్టం ఆ దయలో కొట్టుకుపోయింది. తిట్టడానికి కూడా ఓపిక లేక రెబెకా గుంటూరు బస్సెక్కింది.

"మానేస్తున్నానండి," అంది మాస్టారితో.

"అది వచ్చే వారం సంగతి. ఈ వారానిది చెప్పు."

జరిగింది చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"మందు కొట్టని సాలు పక్కనుంటే రైతుకు నిద్ర పట్టదని తేలింది. చాలు, వెళ్ళిరా."

'చాలు' అన్న మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ విన్న దాఖలా లేదు.

చదువు మానేస్తున్నానని అమ్మ అంకమ్మకు చెబుదామని, ఆమె మిరపకాయల తొడిమలు తీసే చోటికి వెళ్ళింది రెబెకా. రాశి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఆమెకేసి తిరిగారు.

"మీ సారు ఇప్పుడే ఫోన్ చేశాడు," అంది అంకమ్మ.

"నీకా? ఎందుకు?"

"ప్రతి శనివారం చేస్తాడుగా. ఇన్నేళ్ళ చదువు ఎందాకా వచ్చిందయ్యా అని ఒకసారి దిగులుపడి అడిగా. అప్పట్నించీ చెప్తన్నాడు. లేనిది కల్పించడం చేతకాదంట, నిన్నడిగి చెప్తాడు."

"స్పీకర్ పెట్టి అందరం వింటాం," అంది పక్కనున్న కరీమున్. "అయినా ఆ రైతు తప్పేంది? పచ్చటి చేను పురుక్కి ఒదిలేస్తారా ఎవురైనా?"

"ఒదలాల. లేకపోతే పిల్ల లెక్క ఎట్టా తేల్తది?" అంది అంకమ్మ.

ముఠా రెండుగా చీలింది. తొడిమలు తీసే చేతులు ఆగాయి. తీర్పు కోసం అందరూ రెబెకా వైపు చూశారు.

మానేస్తున్నానని చెప్పబోయిన మాటకు మిరప ఘాటు అడ్డుపడింది. ఆమె గట్టిగా తుమ్మి, కొంగుతో ముఖం తుడుచుకుని, రాశి పక్కన చతికిలబడింది.

"అసలు ఆ సాళ్ళు ఎందుకు వదిలానంటే, పిన్నీ..."