చలికాలం, రెండు గొంగళ్ళు

డెబ్బైల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒక విశాఖ మనిషిని, మీ ఊరు చూడాలంటే ఏ కాలం మంచిదని అడిగాను. "చలికాలంలో రండి. తోటల నిండా పూలే," అన్నాడు.

షిఫ్టులు కుదరక మూడేళ్ళు పోయాయి. నాలుగో ఏడు జనవరిలో మూడు రోజుల సెలవు దొరికింది. రైలుకు రెండు రోజులు పోను, ఊళ్ళో ఉండేది ఒక్కరోజే. చలికాలం అన్నాడు కదా అని నా భార్య రెండు గొంగళ్ళు మూటగట్టింది.

"బరువైతది, ఇడిసిపెట్టు," అన్నాను.

"మన సంగారెడ్డిలనే గింత సలి. సముద్రం గాలికి ఇంకెంత ఉంటదో," అన్నది.

అక్కడ చలే లేదు. ఆ మూట మోస్తూ సముద్రం దాకా నడిచేసరికి చొక్కా తడిసింది, ఒళ్ళు మండింది. ఒడ్డునే ఉన్న తోటలో పూలు మాత్రం నిజంగానే విరగబూశాయి. జెరసేపు నడుం వాల్చుదామని ఇద్దరం చెట్టు నీడన గొంగళ్ళు పరిచాం. లేచేసరికి పొద్దు వాలింది, తిరుగు రైలుకు వేళైంది.

తిరిగొచ్చిన మర్నాడు డ్యూటీకెక్కితే షెడ్డులో వాళ్ళు అడిగారు: "ఏ కాలంల పోతె మంచిదన్నా?"

"నిద్ర తీరినంక పోవాలె," అన్నాను.

నైట్ షిఫ్టు దిగిన వాళ్ళెవరూ నవ్వలేదు.